మహేందర్ కలిపిన వైరు

సూర్యాపేటలో ఏ కారు వైరింగ్ చెడినా మహేందర్ షెడ్డుకే తెచ్చేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా అదే పని. చేతకాదన్న మాట తన నోట రాకూడదని అతని పట్టుదల.

మిర్యాలగూడకు చెందిన జ్యోత్స్న ఇంగ్లండ్‌లో నర్సుగా చేసి, అక్కడ కొన్న కారును ఓడలో వేయించుకుని తిరిగొచ్చింది. ఇక్కడి నంబరు రావాలంటే బండి భద్రతా పరీక్షలో నెగ్గాలి. మైళ్లు చూపే మీటరును కిలోమీటర్లలోకి మార్చే పని మహేందర్ ఒప్పుకున్నాడు. అది అయింది. కానీ ఎయిర్‌బ్యాగులో లోపముంటే వెలిగే లైటు మాత్రం ఆరలేదు. విప్పి చూస్తే, ముందు ఎడమ సీటు బ్యాగును తెరిచే యూనిట్ తడిచేరి పాడైంది. కొత్తది ఇంగ్లండ్ నుంచే రావాలి. పరీక్ష మూడు రోజుల్లో ఉంది.

"అయితదా అన్నా?" అని జ్యోత్స్న ఫోన్లో అడిగింది.

"నేనున్న గద మేడం. పరేషాన్ కాకుండ్రి."

అన్నాక వెనక్కి తగ్గలేకపోయాడు. ఎయిర్‌బ్యాగ్ లైటు వైరును ఆయిల్ లైటు వైరుకు కలిపాడు. తాళం తిప్పితే రెండూ వెలిగి, ఇంజిన్ అందుకోగానే, ఏ లోపమూ లేని బండిలో లాగే, రెండూ ఆరిపోయాయి. పరీక్ష చేసే రవాణా శాఖ అధికారి ఆ లైటు ఆరడం చూసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

నెల తర్వాత కోదాడలో ఆ కారు మహేందర్‌కు ఎదురైంది. అతన్ని చూసి జ్యోత్స్న ఆపింది. ముందు ఎడమ సీట్లో ఆమె తల్లి సోమమ్మ.

"నువ్వేనా బిడ్డా బండి మంచిగ జేసింది? దీంట్ల కూసుంటే భయమే ఉండదు. సల్లగుండు."

మహేందర్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఆ మధ్యాహ్నం వేరే కారు ముందు టెస్టరు పట్టుకుని కూర్చున్నాడు గానీ, ఏ వైరు దేనిదో గుర్తురాలేదు.

మర్నాడు మిర్యాలగూడ బస్సెక్కి జ్యోత్స్న ఇంటికి వెళ్లాడు.

"ఆ లైటు అబద్ధం మేడం. నేనే గట్ల కలిపిన. యాక్సిడెంట్ అయితే మీ అమ్మ దిక్కు బ్యాగు తెరుసుకోదు."

"అమ్మను రోజూ గాడనే కూసోబెడుతున్న," అంది జ్యోత్స్న. "పని కాదని చెప్తే ఏమయితుండె అన్నా? బండి ఇంకో నెలో రెండు నెలలో ఆగుతుండె."

"నడువుండ్రి మేడం, ఆఫీసర్‌కు నేనే చెప్త," అన్నాడు మహేందర్.

ఇద్దరూ ఆ అధికారి ఆఫీసుకు వెళ్లారు. వరుసలో నిలబడ్డ డ్రైవర్లలో సగం మంది తెలిసినవాళ్లే. వాళ్లు వింటుండగానే తాను చేసింది మహేందర్ చెప్పాడు. అధికారి సర్టిఫికెట్ రద్దు చేశాడు.

యూనిట్ వచ్చేదాకా రెండు నెలలు కారు వాకిట్లోనే ఉండిపోయింది. తానే బిగిస్తానని మహేందర్ ఫోన్ చేశాడు.

"వద్దులే అన్నా, హైదరాబాద్‌ల చేయించుకుంట." ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. కారు మళ్లీ పరీక్షకు వెళ్లి నిజంగానే నెగ్గింది.

ఇప్పుడు కొందరు డ్రైవర్లు బండి అప్పగించి వెళ్లరు, పని అయ్యేదాకా పక్కనే నిలబడతారు. మహేందర్ ఏమీ అనడు. కొంచెం జరిగి, వాళ్లకు తన చేతులు కనిపించేలా కూర్చుంటాడు.