మందు పడని వరస

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను కడియం వైపున్న ఒక చిన్న పరిశోధన కేంద్రానికి బదిలీ చేశారు. హోదా ప్రధాన శాస్త్రవేత్త. విషయం మొక్కల తెగుళ్లు. కుర్చీతో పాటు ఒక పీహెచ్‌డీ విద్యార్థిని బాధ్యత కూడా నా మీద పడింది. పేరు శ్రావణి. రోజూ కొవ్వూరు నుంచి వంతెన దాటి బస్సులో వచ్చేది.

ఆమె పరిశోధన కనకాంబరం నారుకు వచ్చే వేరుకుళ్లు మీద. మేలు చేసే ఒక రకం బూజును పొడిగా మట్టిలో కలిపితే రోగం ఆగుతుందా అన్నది ప్రశ్న. ఇలాంటి ప్రయోగంలో మొక్కల్ని వరసలుగా విడదీస్తాం. ఒక వరసకు కొత్త పొడి, ఇంకో వరసకు అందరూ వాడే కాపర్ మందు, మూడో వరసకు ఏమీ వెయ్యం. ఆ మూడోదాన్ని కంట్రోల్ అంటాం. దానితో పోల్చి చూడకపోతే మిగతా రెండు వరసల ఫలితానికి విలువ లేదు.

ప్రయోగం పెట్టింది సత్తిబాబు గారి నర్సరీలో. శ్రావణి ఆయన షెడ్డులో ల్యాప్‌టాప్ తెరిచి ఇరవై స్లైడ్లు చూపించింది. వాటిని దిద్దింది నేనే కాబట్టి వాటి గొప్పతనం మీద నాకు అనుమానమే లేదు. అర్థమైందా అని అడిగితే ఆయన "అయ్యో, ఎంత బాగా చెప్పారండి!" అని కొబ్బరిబొండాలు కొట్టించారు. బయట సంచుల్లో మట్టి నింపుతున్న ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లిపోయారు. వాళ్లకు విడిగా చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

మూడు నెలల తర్వాత మొక్కలు పీకి వేళ్లు చూశాం. కంట్రోల్ వరస వేళ్లు కూడా తెల్లగా, దిట్టంగా ఉన్నాయి. మందు పడని వరస కుళ్లకపోతే పోల్చి చూడ్డానికి ఏమీ మిగలనట్టే. నేను సంచులు తిప్పి చూస్తే మట్టి మీద లేత నీలం మరకలు కనబడ్డాయి. అవి కాపర్ మందు మరకలు. ఈ వరసకు మందు పోసిందెవరని గట్టిగానే అడిగాను.

కూలీల మేస్త్రీ వీరలక్ష్మి ముందుకొచ్చింది. "నేనేనండి," అంది, ఏమాత్రం జంకకుండా. "అన్నిటికీ ఏసి వీటికి మానేత్తే ఎలాగండి? పసిమొక్కలు కదండీ. చూళ్లేక మిగిలిన మందు పోసేశానండి."

నాకు ఒళ్లు మండిపోయింది. శ్రావణి సిద్ధాంత గ్రంథం సమర్పించే గడువులో ఇంకొక్క వానాకాలమే మిగిలింది. అదీ పోతే నాలుగేళ్ల పని గోదాట్లో కలిపినట్టే. వచ్చే ఏడు మన కేంద్రంలోనే, తాళం వేసిన షెడ్డులో పెడదామన్నాను. శ్రావణి ఒప్పుకోలేదు.

"అక్కడ నీళ్లు పోసేవాళ్లకి మాత్రం జాలుండదా మేడం? తప్పు మనం చెప్పడంలో ఉంది. మళ్లీ చెప్తాను. ఇక్కడే పెడతాను."

మరుసటి జూన్‌లో ఆమె ల్యాప్‌టాప్ తేలేదు. నేను గట్టు మీద కూర్చుని నోరు మెదపకూడదని షరతు పెట్టింది. కూలీలందరికీ సులువైన తెలుగులో చెప్పింది. అందరూ తలలూపారు. ఈసారి ఆ ఊపుకి ఆమె లొంగలేదు. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి," అంది.

కూలీలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. చివరికి వీరలక్ష్మి నవ్వేసి, "ఏముందమ్మా, ఆ వరస చచ్చిపోవాలని మీ కోరిక. అంతేగా?" అంది.

శ్రావణి ఆ రోజు ఇక వివరించడం మానేసింది. నాలుగు రోజుల పాటు వాళ్ల పక్కనే కూర్చుని సంచుల్లో మట్టి నింపింది. నాకు చిరాకే; నాటే అదను దాటిపోతోంది. నాలుగో రోజు మాటల్లో, కొత్త ఎరువొస్తే అది మంచిదో కాదో మీకెలా తెలుస్తుందని వీరలక్ష్మిని అడిగింది.

"పాత మట్టితో ఓ పాతిక సంచులు పక్కనెట్టుకుంటాం కదా. లేపోతే ఎరువుకి ఎదిగిందో, వానకి ఎదిగిందో ఎలా తెలుత్తాది..." అంటూ వీరలక్ష్మి సగంలో ఆగిపోయింది. మట్టి చేత్తోనే నుదురు కొట్టుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఆ మూడో వరస ఇదా? ఈ ముక్క నిరుడే చెప్పొచ్చుగా!"

మిగతా కూలీలకు ఆమే చెప్పింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆగస్టు చివర్లో వానలు దంచాయి. ఒకరోజు సత్తిబాబు గారు ఫోన్ చేశారు. "ఏంటండి మేడం గారూ, ఇది? లోడుకి బేరగాళ్లొచ్చారు. పసుపుబారి వాడిపోయిన వరస ఎదురుగా కనపడతంది. మందు కొడదామంటే వీరలక్ష్మి అడ్డంగా నిలబడిందండి. ఇది ఎండితేనే పక్క వరస ఎందుకు బతికిందో తెలుత్తాదంట, ఆ పిల్ల నాలుగేళ్ల చదువంట. నిజమేనాండి?"

నిజమేనన్నాను.

"మరి ఆ రోజు షెడ్డులో ఈ మాట చెప్పలేదేంటండి?"

ఆయన ఆ వరసకు అడ్డంగా షేడ్‌నెట్ తెర కట్టించి, బేరగాళ్లను అవతలి వైపు నుంచి తిప్పారు.

సెప్టెంబరులో మొక్కలు పీకాం. కంట్రోల్ వరస వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే చేతికి ఊడొచ్చాయి. పొడి వేసిన వరసలో వేళ్లు తెల్లగా ఉన్నాయి. శ్రావణి గడువులోగానే గ్రంథం సమర్పించింది.

విరమణకు ముందు మిగిలిన కొద్ది నెలల్లో నేనొక నియమం పెట్టుకున్నాను. నీళ్లు పోసే మనిషి ప్రయోగాన్ని తన మాటల్లో తిరిగి చెప్పేదాకా ఏ విద్యార్థి ప్రణాళిక మీదా సంతకం చెయ్యలేదు. సర్వీసంతా తలూపడాన్ని అర్థం కావడమనే లెక్కేశాను. నా పాత ప్రయోగాల్లో ఏ కంట్రోల్ వరస మీద ఎవరు జాలిపడ్డారో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. ఆ ఫలితాలన్నీ నా పేరుతోనే అచ్చయి ఉన్నాయి.