హిదాయతుల్లా గారి బీపీ

ఏలూరు వన్‌టౌన్‌లో టైలర్ హిదాయతుల్లాకు రెండు అవతారాలుండేవి. మొదటిది ఎత్తితే వీధి ఆయన్ని నెత్తిన పెట్టుకునేది. రెండోది ఎత్తితే అదే వీధి దుమ్మెత్తిపోసేది.

మొదటి అవతారంలో ఆయన నిద్ర మానేసి మిషను తొక్కేవాడు. టేపు ముట్టకుండా కంటితోనే కొలతలు తీసేవాడు. కూలి ఇవ్వబోతే కోప్పడేవాడు. "మనిషంటే సాయిబు గారండీ! ఏం హుషారు!" అనేవారంతా. ఊరికే జాకెట్లు కుట్టిపెడుతుంటే హుషారును జబ్బని ఎవరంటారు? రెండో అవతారంలో మిషను మీద దుప్పటి కప్పి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. స్నానం లేదు, తిండి లేదు, పలకరిస్తే కళ్ళనీళ్ళు. "ఒళ్ళు బద్ధకం, రెండు తగిలిస్తే లేస్తాడు" అని వీధి తేల్చేసింది.

భార్య సుగ్రా చుట్టాల పెళ్ళని వంక చెప్పి, ఆయన్ని తాడేపల్లిగూడెంలో మానసిక వైద్యుడికి చూపించింది.

"ఆ హుషారూ జబ్బే, ఈ దిగులూ జబ్బేనమ్మా. రెండూ కలిసి ఒకటే జబ్బు. బాగున్నాడు కదా అని మాత్రలు మాత్రం ఆపొద్దు" అన్నాడు డాక్టరు.

మాత్రలు పనిచేశాయి. హిదాయతుల్లా వేళకు తిని, వేళకు పడుకుని, చెప్పిన రోజుకు బట్టలిచ్చాడు. కూలి కూడా అడిగాడు. అది వీధికి నచ్చలేదు.

"ఏంటమ్మాయ్, మీ ఆయన మునుపటిలా లేడు. ఆ మాత్రలు దేనికీ?" అంది ఎదురింటి హన్నమ్మ.

నిజం చెబితే పరువు గంగలో కలుస్తుంది. "బీపీ అండీ పిన్నిగారూ" అంది సుగ్రా. బీపీ గౌరవమైన జబ్బు, కలిగినవాళ్ళకు వచ్చే జబ్బు. వీధి తృప్తిపడింది.

వీధి చివర సూదులు వేసే ఆర్‌ఎంపీ క్రీస్తుదాసు మాత్రం ఊరుకోలేదు. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, వాళ్ళింటి పక్క టీ కొట్టు దగ్గర హిదాయతుల్లాను కూర్చోబెట్టి చేతికి బీపీ చూసే పట్టీ కట్టాడు.

"నూట ఇరవై, ఎనభై! బీపీ ఎగిరిపోయిందండీ. ఇంక మాత్రలెందుకు, ఒళ్ళు గుల్ల చేసుకోడానికా?"

అందరూ భేషన్నారు. హిదాయతుల్లాకు నిజం తెలుసు. కానీ మాత్రలు మానడానికి సాకు దొరికితే ఏ రోగి కాదంటాడు? గుమ్మంలో నిలబడ్డ సుగ్రాకు నిజం నోటిదాకా వచ్చింది. వీధంతా చూస్తోంది. మింగేసింది.

మాత్రలు ఆగిపోయాయి. డిసెంబరు వచ్చేసరికి ఆయనకు నిద్ర కరువైంది, పాటలు మొదలయ్యాయి. క్రిస్మస్‌కని జనం ఇచ్చిన పట్టుగుడ్డలన్నీ కత్తిరించి చొక్కాలు కుట్టేశాడు. ఆటోలో వేసుకెళ్ళి పెదపాడు చేపల చెరువుల మీద పంచిపెట్టాడు. ఆ ఏడు అక్కడి కూలీలు జరీ చొక్కాలతో వలలు లాగారు.

"పిచ్చెక్కింది, కట్టేయండి!" అని వీధి మీదపడింది. ఊరికే కుట్టించుకున్న జాకెట్లు తొడుక్కున్నవాళ్ళే ముందున్నారు. క్రీస్తుదాసు మళ్ళీ పట్టీ తీశాడు.

"బీపీ తిరగబెట్టినట్టుంది, చూద్దామండీ."

సుగ్రా ఆ పట్టీ లాక్కుంది.

"బీపీ లేదండీ! ఎప్పుడూ లేదు. ఆయనది మనసు జబ్బు. తాడేపల్లిగూడెం డాక్టరు గారిచ్చిన మాత్రలవి. పరువు కోసం నేను అబద్ధం చెప్పాను, ఆ అబద్ధానికి మీరు వైద్యం చేశారు. ఇంకెవరైనా ఆయన మాత్రల జోలికొస్తే ఊరుకోనండి!"

ఒక్కొక్కరే జారుకున్నారు. హన్నమ్మ మాత్రం కదల్లేదు. పట్టుగుడ్డ కోసమేననుకుంది సుగ్రా. హన్నమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆ గూడెం డాక్టరు గారు ఏ రోజుల్లో చూస్తారమ్మాయ్?"

"ఎవరికండీ?"

"మా ఆయనకి. అందరికీ షుగరని చెప్పుకొస్తున్నాను. ఆయన గది దాటి ఏడాదైంది."