క్లచ్ పెడల్ అరగని కారు

పదవీ విరమణకు ముందటి ఏడాది నేను వరంగల్ రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా ఉన్నాను. జనం వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్. ఎండలు ముదురుతున్న రోజుల్లో మా పై అధికారి ఒక పని అప్పగించారు. హనుమకొండలో సుధాకర్ అనే పళ్ల డాక్టరు తన పాత కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ కోరుతున్నారు, వెళ్లి చూసి నివేదిక ఇవ్వమన్నారు.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు బండి వయసు యాభై ఏళ్లు దాటితే చాలదు. ఇంజను, బాడీ, చాసిస్ అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్ అంటే కారు బరువంతా మోసే ఇనుప చట్రం. దాన్ని ఎక్కడైనా కోసి అతికించి ఉంటే దరఖాస్తు తిరస్కరించడం తప్ప మాకు వేరే దారి లేదు. అలాంటి బండిని రోడ్డెక్కించడం ప్రమాదం కూడా.

డాక్టరు గారి ఇంటి వెనక షెడ్డులో ఉంది ఆ కారు. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పైకప్పు లేనిది, నేలకు బాగా దగ్గరగా ఉండేది. కేసముద్రంలో ఒక పత్తి వ్యాపారి గోదాములో ధూళి కొట్టుకుని పడి ఉంటే కొని తెచ్చుకున్నారట. కొన్నేళ్లుగా ఆదివారాలన్నీ దాని మీదే గడుపుతున్నారు. పంటి మీద పనిచేసినంత ఓపికగా ఒక్కో నట్టు విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు. ఆ పని చూస్తే ముచ్చటేసింది.

వెనక చక్రాలకు అసలువి కాని బరువైన స్ప్రింగులున్నాయి. మన రోడ్ల కోసం ఎవరో వేయించారు, మార్చడం తేలిక. అసలు చిక్కు లోపల ఉంది. గేర్ రాడ్డు పక్కనే, దాన్ని ఆనుకున్నట్టుగా, మరో ఇనుప రాడ్డు లేచి ఉంది. దాని మొదలు ఎడమ వైపు నేలకు అతికించిన మందపాటి రేకు కిందికి పోయి మాయమైంది. ఆ రేకు కింద ఉన్నది చాసిస్.

“ఇది పెట్టనీకే చాసిస్ కోసిండ్రేమో అని నాకు మొదటి నుంచి భయమే సార్. అందుకే రేకు ముట్టుకోలే” అన్నారు సుధాకర్.

నేను డ్రైవరు సీట్లో కూర్చుని రాడ్డును ముందుకు తోశాను. కాలు పెట్టకుండానే క్లచ్ పెడల్ కిందికి దిగింది. అప్పుడు పెడళ్లు పరీక్షగా చూశాను. బ్రేకు రబ్బరు, యాక్సిలరేటర్ రబ్బరు అరిగి నున్నబడ్డాయి. క్లచ్ రబ్బరు మీది గీతలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. ఎడమ పాదం ఉండే చోట గుంట చెక్కిన చెక్కదిమ్మె ఒకటి బిగించి ఉంది. బండి చాలా తిరిగింది, కానీ తిప్పిన మనిషి ఎడమ కాలు కదలలేదు. అరచేత్తో క్లచ్ తోస్తూ, అదే చేతి వేళ్లతో గేరు మార్చాడన్నమాట. నా సర్వీసులో ఇంత తేలికైన ఏర్పాటు చూడలేదు.

కేసముద్రం వ్యాపారికి ఫోన్ చేస్తే, “కింద తుప్పు వట్టి రోడ్డు కనవడుతుండె, రేకు ఏపిచ్చిన. ఆ రాడ్డు సంగతి నాకు తెల్వది. బండి మట్టెవాడ విమల టీచర్ దగ్గర కొన్న” అన్నాడు. అంతవరకూ నేను ఆ డ్రైవరును మగవాడిగానే ఊహించుకున్నాను.

విమల టీచర్ లెక్కల పంతులమ్మగా రిటైరయ్యారు. ఎనభై దాటినా మాట ఖంగుమంటుంది. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడిందట. సుధాకర్, నేను మట్టెవాడలో ఆమె ఇంటికి వెళ్లి కారు మాట ఎత్తగానే కుర్చీలో ముందుకు జరిగారు.

“పాలంపేట దిక్కు ఊర్లె నౌకరి. బస్సు మెట్లు ఎక్కుడు నాతోని కాకపోయేది. మా చర్చి దవాఖానల దొర డాక్టర్ దేశం పోతా పోతా బండి అమ్ముతాండంటే పోయి సూసిన. కుర్చీల కూసున్నంత అల్కగ కూసోవచ్చు. నాకు గదే గావాలె. షోకుకు కొన్ననని ఊరంత నవ్విండ్రు” అన్నారు.

రాడ్డు ఎలా చేయించారని అడిగాను. అట్ట ముక్కలు కత్తిరించి, కొలతలు సరిచూసుకుని, లేత్ పని తెలిసిన వాళ్ల మామకు ఇచ్చారట. లైసెన్సు పరీక్షకు వచ్చిన అప్పటి ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని, గుట్ట ఎక్కే చోట బండి ఆపించి, మళ్లీ తీయమన్నాడట. “జానెడు కూడ ఎన్కకు పోలే బిడ్డా” అని నవ్వారు.

సుధాకర్ అసలు ప్రశ్న అడిగారు: “అమ్మా, చాసిస్ ఏమన్న కోసిండ్రా?”

“ఎందుకు కోస్త? ఎడమ దిక్కు కంపెనీ వాళ్లు ఏసిన బొక్కలు ఖాళీగ ఉండె. అండ్లనే బోల్టులు బిగిచ్చిన. ఒక్క బొక్క కొత్తగ ఎయ్యలే. నా తర్వాత ఇంకొకలు నడుపుతరు గద, వాళ్లకు కాళ్లు మంచిగ ఉంటయి గద.”

ఆ మాట సబబుగానే తోచింది. ఈ కార్లను కుడి స్టీరింగుతోనూ, ఎడమ స్టీరింగుతోనూ అమ్మేవారు. చాసిస్ ఒకటే కనుక రెండు వైపులా రంధ్రాలు వేసేవారు. అయినా మాట విని నివేదిక రాయలేం. రేకు తీయాలన్నాను. కింద కోత కనబడితే దరఖాస్తు అక్కడితో ఆఖరు. సుధాకర్ సరేనని గ్రైండరు అందుకున్నారు.

రేకు లేచింది. తుప్పు పట్టిన నేల రేకు ముక్కలు రాలాయి. తుడిచి టార్చి వేశాను. చాసిస్ మీద కంపెనీ వేసిన నల్ల రంగు చాలా చోట్ల అలాగే ఉంది. టీచరమ్మ బోల్టులు కంపెనీ రంధ్రాల్లో నిటారుగా కూర్చున్నాయి. బోల్టు తల చాసిస్‌ను గీరకుండా ఒక్కోదాని కింద తోలు బిళ్ల కూడా వేయించారావిడ. సుధాకర్ నేల మీద కూలబడి చాలాసేపు నవ్వారు.

వింటేజ్ కోసం రాడ్డు తీయక తప్పదు. తీసే ముందు సుధాకర్ టీచరమ్మను తీసుకొచ్చారు. ఆమె కర్ర పక్కన పెట్టి, సీటు అంచు మీద కూర్చుని, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నారు. ఇంటి ఆవరణలో ఒక చుట్టు తిప్పారు. గేరు మారినప్పుడు చప్పుడు కూడా వినిపించలేదు. దిగాక రాడ్డును మీకే ఇస్తానన్నారు సుధాకర్. “నేనేం జేసుకుంట? కాలు రాని డ్రైవర్ ఎవరన్న దొరికితే సూపియ్యి, అసొంటిదే చేపిచ్చుకుంటడు” అన్నారామె.

సుధాకర్ రాడ్డు తీసి, స్ప్రింగులు మార్చాక, చాసిస్ అసలుదేనని, దాని మీద కోత, అతుకు లేవని నివేదిక రాశాను. దరఖాస్తు ఆమోదం పొందింది.

మార్పు చేసిన బండిని ముందు అనుమానించడం మా ఉద్యోగం. అది ఆఖరి రోజు వరకూ మానలేదు. అయితే ఆ కారు తర్వాత నా పరిశీలనలో మరో ప్రశ్న చేరింది: ఈ మార్పును తీసేస్తే, తర్వాత వచ్చే మనిషికి బండి బండిలాగే మిగులుతుందా? మిగులుతుందనిపిస్తే, ఆ మార్పు చేసిన వాళ్ల పేరు కనుక్కుని గుర్తుపెట్టుకునేవాణ్ణి. అలాంటి పేర్లు ఎక్కువ దొరకలేదు.