అవ్వ చూపిన గాలి

పాల్వంచలో నాకు గది కిరాయికిచ్చిన ఆయన థర్మల్ ప్లాంటులో షిఫ్టు మనిషి. నేను గాలి కొలిచే ఉద్యోగంలో ఉన్నానని తెలిసినప్పటి నుంచీ ఆటపట్టించడమే. "బొగ్గు మండితే కరెంటొస్తది గానీ గాలితోని ఏమొస్తది సారూ?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఊరవతలి గుట్ట మీద గాలి వేగం కొలిచే స్తంభం నిలబెట్టాలి. ఒంటరిగా నాకు అప్పగించిన మొదటి స్తంభం అది. రీడింగులు బాగా రాకపోతే ఆ గుట్టను గాలిమరలు పెట్టే చోట్ల జాబితాలోంచి కొట్టేస్తామని, నన్ను హైదరాబాద్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడతామని మా సారు ముందే చెప్పారు. అడవి అంచున తిరిగే పని నాకు ప్రాణం.

స్తంభాన్ని గుట్ట సగం ఎత్తులో, జామాయిల్ తోట పక్కన నిలబెట్టాను. కారణం చెప్పాలంటే సిగ్గేస్తోంది. స్తంభం పైపులు తెచ్చిన లారీ అక్కడిదాకానే వచ్చింది. ఆ రోజే కింది గూడెం అవ్వ ఒకామె ఆగి చూసి, "ఈడ గాలి రాదు బిడ్డా, చెట్లు ఆపుతయ్" అంది. మ్యాపు చూసే పెట్టానని గొప్పగా చెప్పాను.

నెల గడిచింది. స్తంభం మీద గాలికి తిరగాల్సిన గిన్నెలు కునుకు తీస్తున్నాయి. ఒక ఉదయం ఆ అవ్వే జొన్నల మూట, చేట పట్టుకుని గుట్ట పైకి పోతూ కనిపించింది. వెనకాలే నడిచాను. పైన బండలకు ఇవతల చదునైన కల్లం. అడుగు పెట్టగానే నా టోపీ ఎగిరి లోయలో పడింది. అవ్వ పడీపడీ నవ్వి, చేట ఎత్తి వంచింది. పొట్టు పక్కకు కొట్టుకుపోయింది, గింజలు కాళ్ల దగ్గర రాలాయి. చేతి మీటరు తీసి గాలి వేగం చూస్తే నాకూ నవ్వాగలేదు.

సారును బతిమాలి ఒప్పించాను. గూడెం వాళ్లకు కూలి ఇచ్చి పైపులు పైకి మోయించాం. కల్లంలో స్తంభం లేచింది, గిన్నెలు గిర్రున తిరిగాయి. "స్థలం ఎంపిక ఎవరిదయ్యా? బ్రహ్మాండం!" అని సారు ఫోనులో అడిగితే, "నాదే సార్" అన్నాను.

మర్నాడు అవ్వ మళ్లీ మూటతో వచ్చింది. కల్లం నిండా, స్తంభం ఒరగకుండా అడ్డదిడ్డంగా లాగి కట్టిన స్టే వైర్లు. మూట దించకుండానే నా వైపు తిరిగింది.

"గాలి నేనే చూపెడితి గదా బిడ్డా. మరి నా జొన్నలు ఏడ తూర్పార పట్టాలె?"

అక్కడే నిలబడి సారుకు ఫోను చేశాను. రెండు సంగతులు చెప్పాలి: స్థలం ఎంపిక నాది కాదని, స్తంభాన్ని కల్లం అవతలికి జరపాలని. రెండోదానికి ఆయన చెడామడా తిట్టారు, చివరకు సరేనన్నారు. ఆ తిట్లకు నేను సిద్ధపడే ఉన్నాను. మొదటిది మాత్రం చెప్పకుండానే ఫోను పెట్టేశాను.