ఆకులు తుడిచిన మనిషి

పరాయివాళ్ల మొక్క మీద అడక్కుండా నీళ్లు చల్లే హక్కు ఆయనకెవరిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు ముసురు. మా హిందీ ఊళ్లోని సాక్చీలో, మాంగో అనే పేటకు వెళ్లే షేర్ ఆటో ఎక్కి, అరెకా పామ్ కుండీని ఒళ్లో పెట్టుకున్నాను. దాని ఆకులకు మచ్చ తెగులు. తడి తగిలితే పెరుగుతుందని వానాకాలమంతా వరండాలో దాచి, మొదలు దగ్గరే నీళ్లు పోస్తూ కాపాడుకొచ్చాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్నాడు కాబోలు, పక్కన కూర్చున్న పెద్దాయన "దాహమేత్తన్నట్టుందమ్మా, పాపం" అంటూ తన సీసాలో నీళ్లు ఆకుల మీద చిలకరించేశాడు.

"ఏటండీ మీరు చేసిన పని! ఆకు తడిస్తేనే కదా ఆ మచ్చలు పాకుతాయి!" ఆటో అంతా వినేలా అరిచాను.

"తెలీలేదమ్మా" అని జేబురుమాలు తీసి, పసిపిల్ల తల తుడిచినంత మెల్లగా ఒక్కో ఆకూ తుడవడం మొదలుపెట్టాడు. అయితే మచ్చల ఆకు తుడిచిన గుడ్డతోనే మంచి ఆకులూ తుడిచేస్తున్నాడు! తెగులు అంటించడానికి ఇంకేం కావాలి? ఒళ్లు మండిపోయి మళ్లీ నోరు తెరిచాను.

ఇంతలో డ్రైవర్ వెనక్కి తిరిగి, "చాచా, ఆప్‌కో పుల్ సే పహలే ఉతర్‌నా థా న?" అన్నాడు. ఆయన దిగాల్సింది వంతెనకు ముందేనట; అది దాటి చాలాసేపైంది.

"పర్లేదమ్మా, ఇంకో రెండాకులున్నాయి" అన్నాడాయన, డ్రైవర్‌తో కాదు, నాతో.

ఆ రెండూ తుడిచి, దిగి, గొడుగు లేకుండా వంతెన వైపు వెనక్కి నడిచాడు.

తర్వాత మంచి ఆకులన్నిటికీ మచ్చలొచ్చాయి. ఒక్కొక్కటే కత్తిరించి పారేస్తూ ఆయన్ని నోరారా తిట్టుకుందామనుకున్నాను. వానలో వెళ్లిపోతున్న ఆ తడిచొక్కా అడ్డొచ్చింది. ఆ తిట్లన్నీ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.