హెర్మినియా పెట్టిన మూత

నవోటాస్ రేవులో హెర్మినియా ముప్పై ఏళ్లుగా ఎండు చేపలు అమ్ముతోంది. నోరు పెద్దదే, పెట్టే చెయ్యీ పెద్దదే అని పేటంతా అంటుంది. ఆ రెండో మాట వినబడితే మాత్రం ఆమె తల దించుకుంటుంది.

ఆ పేటలో ఒక మర్యాద ఉంది. అన్నం ముందు కూర్చున్నవాళ్లు గుమ్మంలోంచి ఎవరు కనబడినా "రండి, తిందాం" అనాలి. పోయేవాళ్లు "ఇప్పుడే తిన్నాను" అనాలి. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా అలా అనాల్సిందే. ఇళ్లలో బట్టలుతికి బతికే పక్కింటి ముసలమ్మ ఇసిద్రా ఆ మాట నవ్వుతూ వెయ్యిసార్లు అని ఉంటుంది.

ఒక ఏడు వాన వదల్లేదు. పడవలు కదల్లేదు, ఎండ లేక చేపలు ఎండలేదు, ఇసిద్రాకు ఉతకడానికి బట్టలూ రాలేదు. ఓ మధ్యాహ్నం హెర్మినియా పిల్లలు ముగ్గురికీ వడ్డిస్తూ, గుమ్మం ముందు పోతున్న ఇసిద్రాను చూసి అలవాటుకొద్దీ కేకేసింది.

"పిన్నీ, రా, తిందాం!"

ఇసిద్రా ఆగింది. చెప్పులు విప్పింది. "సరేలేవే, ఒక్క ముద్ద తింటాను," అంది.

హెర్మినియా చెయ్యి దానంతటదే వెళ్లి అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది.

ఇసిద్రా చూసింది. "హాస్యానికన్నానే పిచ్చిదానా! ఇప్పుడే తిన్నాను, కడుపు పగిలిపోతోంది," అని నవ్వి వెళ్లిపోయింది. హెర్మినియా వెనక్కి పిలవలేదు. ఆ తర్వాత పక్కింట్లోంచి పొగ కనబడ్డప్పుడల్లా, వండుకుంటోందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంది.

నాలుగో రోజు ఇసిద్రా పంపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. హెర్మినియా ఆమెను ఇంట్లోకి మోసుకెళ్లింది. పొయ్యి మీద గిన్నెలో ఒట్టి నీళ్లు మరుగుతున్నాయి. ఆ పొగంతా ఇరుగుపొరుగు చూడ్డానికే. హెర్మినియా సిగ్గుతో కుంచించుకుపోయింది. పరుగున వెళ్లి తన వంతు అన్నం, ఒక వేయించిన చేప తెచ్చింది.

"తిను పిన్నీ."

"ఇప్పుడే తిన్నానే."

"గిన్నెలో నీళ్లు చూశాను. ఆ రోజు మూత పెట్టింది నేనే కదా! తిట్టు పిన్నీ, నాలుగు తిట్టు."

ఇసిద్రా తిట్టలేదు. పళ్లెం ఒళ్లోకి లాక్కుని చేపను రెండు ముక్కలు చేసింది.

"మా ఇంటికొచ్చి ఊరికే పోతావా? రా, తిందాం."

మర్యాదకు హెర్మినియా ఇప్పుడే తిన్నాను అనాలి.

"ఆకలేస్తోంది పిన్నీ," అని ఏడుస్తూ కూర్చుంది.

ఇసిద్రా పెద్ద ముక్క ఆమె వైపు జరిపింది.