నా డి డ్రైవ్ ఏదండీ?

మా ఇంట్లో కంప్యూటరే నాకు అన్నం పెడుతోంది. వన్ టౌన్ ప్రెస్సులకు పెళ్లికార్డుల మ్యాటర్ ఇంట్లోనే టైపు చేసి పంపుతాను. అది పాతబడింది, నత్తనడక నడుస్తోంది, నిజమే. అంతమాత్రాన మా ఆయన దాని జోలికి రావాలా?

ఆయన ఫోన్లో ఏదో వీడియో చూశారు. విండోస్ బదులు లినక్స్ అట, ఉచితమట.

"ఇన్‌స్టాల్ చెయ్యనులే. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూద్దాం, నచ్చకపోతే పీకేద్దాం. నీ ఫైళ్ల జోలికే పోదు," అన్నారు.

"ఇవాళే కావాలా అండీ? పామర్రు పెళ్లివాళ్లు మధ్యాహ్నం ప్రూఫ్ చూసుకోవడానికి వస్తున్నారు. రేపు తొలి కార్డుకి పసుపు రాసి అమ్మవారి దగ్గర పెట్టుకోవాలంట. ఇవాళ మ్యాటర్ ప్రెస్సుకి వెళ్లకపోతే నన్ను ఊరుకుంటారా?"

"పది నిమిషాలే."

ఈ పది నిమిషాల సంగతి నాకు తెలియదూ! పప్పుకు తాలింపు పెట్టి వచ్చేసరికి తెర మీద నీలం కొండలు, ఎన్నడూ చూడని బొమ్మలు. సి లేదు, డి లేదు. కంప్యూటర్ బాగుచెయ్యడానికి వచ్చిన ప్రతివాడూ ఒకటే మాట చెప్పేవాడు: "సి పోయినా పర్లేదండీ, అన్నీ డిలో పెట్టుకోండి." అది వేదవాక్కనుకుని ఇన్నేళ్ల పనీ అందులోనే పెట్టాను. ఇంకెక్కడా కాపీ లేదు.

"నా డి డ్రైవ్ ఏదండీ?"

"ఉంటుంది, ఉండు," అంటూ ఆయన అక్కడా ఇక్కడా నొక్కారు. ఆయన మెడ మీద చెమట పట్టింది. చివరికి పక్కన ఏదో గుర్తు మీద నొక్కితే నా ఫోల్డర్లు కనబడ్డాయి. హమ్మయ్య అనుకుని పామర్రు కార్డు తెరిచాను. శుభలేఖ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు. వధువు పేరు లేదు, వరుడి పేరు లేదు. ఇంకో కార్డు తెరిచాను. అదీ అంతే.

"నా కడుపు మీద కొట్టారు కదండీ!" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన షట్‌డౌన్ చేసి పెన్‌డ్రైవ్ లాగేశారు. మళ్లీ మా పాత విండోస్ వచ్చేదాకా నేను మొక్కని దేవుడు లేడు. పామర్రు కార్డే మళ్లీ తెరిచాను. అంతా తెలుగే, తాతగారి పేరు ముందున్న కీర్తిశేషులుతో సహా నిక్షేపంలా ఉంది.

"చూశావా, ఏమీ కాలేదు," అన్నారాయన. గొంతు తగ్గించి, "కానీ ఒకటి. నీ ఫైళ్లలో ఉన్నవి ఇందాక చూసిన ఆ పిచ్చి గుర్తులే. ఈ కంప్యూటర్లో ఉన్న పాత ఫాంటు వాటిని తెలుగులా చూపిస్తోంది, అంతే. ఇది పోయిందంటే..." అన్నారు.

పామర్రు వాళ్లు వచ్చారు. పెళ్లికూతురి తల్లి ప్రూఫ్ చదువుకుని, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయండీ," అంది. నవ్వాననే అనుకుంటున్నాను. మ్యాటర్ ప్రెస్సుకు వెళ్లిపోయింది.

వాళ్లను గుమ్మందాకా సాగనంపి వచ్చి కంప్యూటర్ ఆపబోయాను. చేతులు రాలేదు. మళ్లీ వెలగకపోతే?